కాలు చెప్పిన అబద్ధం

ఫోను మోగేసరికి పిచ్చుక చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. మొగుడి నీలం చొక్కా మీద గ్రీజు మరకతో అరగంటగా కుస్తీ పడుతోంది. ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గ్యాసు బండ మనిషేమో అనుకుని, "చెప్పండి" అంది.

"అంబులెన్సు ఆఫీసు నుంచండీ. డ్రైవరు ఉద్యోగానికి మిమ్మల్ని ఎంపిక చేశారు."

బకెట్లోంచి ఒక బుడగ పైకి లేచి, తీరిగ్గా తేలుతూ వచ్చి, సరిగ్గా పిచ్చుక ముక్కు ముందు పగిలింది.

"వింటున్నారా?"

"వింటున్నానండీ. ఇంకొక్కసారి చెప్తారా? వినడానికి బాగుంది."

అవతలి ఆవిడ నవ్వి, ఇంకోసారి చెప్పింది. చెప్పి, చివర్లో ఒక 'కాకపోతే' తగిలించింది. కాకపోతే, ఎల్లుండి పొద్దున పదింటికి ఆఖరి పరీక్ష ఒకటి మిగిలుంది. తడి నేల మీద బండి యాభై వేగంలో వస్తుండగా ఎదురుగా ఎర్రజెండా లేస్తుంది. బ్రేకు గట్టిగా వేయాలి. వేస్తూనే, దారికి అడ్డంగా పెట్టిన కోన్లను తప్పించి, పక్క వరసలోకి తిప్పి ఆపాలి. మూడు అవకాశాలిస్తారు. ఒక్కసారైనా కోను తగలకుండా ఆగితే ఉద్యోగం ఖాయం. లేదంటే జాబితాలో తర్వాతి వాళ్లని పిలుస్తారు.

ఇక్కడ కాస్త బండి పక్కకి ఆపి, ఈ వారమే ఎక్కినవాళ్ల కోసం వెనక్కి ఒక చూపు చూద్దాం.

పిచ్చుక అసలు పేరు పిచ్చుక కాదు. ఫిజిక్సు డిగ్రీ చదివిన ఈ అమ్మాయికి పెళ్లయిన మూడో రోజు మొగుడు పెట్టిన పేరది. గదిలో ఒక చోట నిలవదని, నిమిషం నోరు మూయదని. ఆ మొగుణ్ణి మాత్రం ఊళ్లో ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారా? చిన్నప్పుడు ఏ బండి కింద ఏ నట్టు దొరికినా జేబులో వేసుకునేవాడట. అప్పట్నుంచీ నట్టు. ఇప్పుడు టైర్ల కొట్టులో చక్రాలు సరిచేసే పని. అత్తగారి ముందు అతన్ని 'మీరు' అంటుంది పిచ్చుక, తలుపు వేయగానే 'నువ్వు' అంటుంది. పెళ్లయి నలభై మూడు రోజులైనా ఈ మార్పిడిలో ఉన్న సరదా తరగలేదు.

ఇక అత్తగారు. ముప్పై ఏళ్లుగా డ్రైవింగు స్కూలు నడుపుతున్న మనిషి. ఊరు ఊరంతా ఆవిడ్ని స్టీరింగమ్మ అంటుంది. రోడ్డు మీద వెళ్లే కార్లలో సగం ఆవిడ చేతి కింద నడక నేర్చినవే. కోడలికి కూడా నెల రోజుల్లో కారు నేర్పి, లైసెన్సు ఇప్పించి, అంబులెన్సు ఉద్యోగానికి దరఖాస్తు తనే నింపి పంపించింది. పోయినవారం మనం కథ ఆపింది పెరట్లో. షెడ్డులో టార్పాలిన్ కప్పి, తాళ్లతో కట్టేసి, ఆరేళ్లుగా ఎవరూ ముట్టుకోని ఒక కారుంది. అది ఎవరిదని పిచ్చుక అడిగితే నట్టు, "ఆ బండి ఊసెత్తకు, అమ్మ వింటుంది" అన్నాడు. అక్కడ ఆగాం.

ఇక పదండి.

పిచ్చుక తడిచేతులతోనే ముందు గదిలోకి పరిగెత్తింది. స్టీరింగమ్మ నలుగురు విద్యార్థుల లైసెన్సు కాగితాలు సర్దుకుంటోంది.

"అత్తయ్యా! వచ్చింది!"

"ఏదీ, కరెంటా?"

"ఉద్యోగం!"

స్టీరింగమ్మ కళ్లజోడు తీసింది, తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. తడి లేని చోటు చూసి కోడలి నెత్తి మీద చెయ్యి వేసింది. ఆవిడ మెచ్చుకోలు ఇంతకంటే ఎప్పుడూ ముదరదు. అయినా ఆ చెయ్యి అక్కడ మామూలు కంటే కాసేపు ఎక్కువే ఉంది.

పరీక్ష సంగతి చెప్పగానే మాత్రం పకపకా నవ్వింది. "బ్రేకు పరీక్షా? నా దగ్గర నేర్చుకున్నదానికి బ్రేకు పరీక్షా? చేపకి ఈత పరీక్ష పెట్టినట్టుంది. వెళ్లి మిషను మీద రెండొందలు తొక్కు. కాలు మర్చిపోకుండా ఉంటుంది."

మిషను అంటే కుట్టుమిషను. స్కూలు గదిలో ఒక మూల ఉంటుంది. దానికి సూది లేదు, దారం లేదు, బెల్టు కూడా లేదు. ఉన్నదల్లా కింద ఇనప పెడల్. కారు ఎక్కకముందు ప్రతి విద్యార్థీ వారం రోజులు ఆ మిషను ముందు కూర్చుని దాన్నే తొక్కాలి. స్టీరింగమ్మ పక్కన నిలబడి బల్ల మీద స్కేలుతో తాళం వేస్తుంది. తొక్కు, వదులు. తొక్కు, వదులు. "బ్రేకు బిగబట్టి తొక్కారో, చక్రం బిగుసుకుపోతుంది. బిగుసుకున్న చక్రం స్టీరింగు మాట వినదు, జారిపోతుంది. తొక్కి వదిలితే తిరుగుతుంది. తిరిగే చక్రమే మాట వింటుంది." గోడ మీద కూడా పెద్ద ఎర్ర అక్షరాలతో అదే రాసి ఉంటుంది. ఊళ్లో ఒకాయన నిద్రలో కూడా కాలితో మంచం తొక్కుతున్నాడని ఆయన భార్య వచ్చి ఫిర్యాదు చేసిందట. స్టీరింగమ్మ ఆ కథ కనీసం వారానికోసారి చెప్పుకుని మురిసిపోతుంది.

ఆవిడ విద్యార్థుల్ని తీసుకుని లైసెన్సు ఆఫీసుకి వెళ్లింది. సాయంత్రం దాకా రాదు. పిచ్చుక మిషను మీద డెబ్బయ్యోసారి తొక్కుతుండగా నట్టు వచ్చాడు. సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు, చేతిలో బిస్కెట్ల పొట్లం, మొహం నిండా నవ్వు. మిషను మీద కాలు చూడగానే ఆ నవ్వు సగంలో ఆగింది.

"అది ఆపు" అన్నాడు.

"అత్తయ్య రెండొందలు తొక్కమన్నారు."

"ఆపవే పిచ్చుకా. నువ్వు ఎంత బాగా తొక్కితే ఎల్లుండి అంత బాగా పోతుంది ఉద్యోగం."

అతను బిస్కెట్లు బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, టైర్లు కొనడానికొచ్చిన వాళ్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. అమ్మ చెప్పేది తప్పు కాదు. పాత బండ్లకి అదే సరైన పద్ధతి, మన స్కూలు బండ్లు రెండూ పాతవే. కానీ అంబులెన్సులన్నీ కొత్తవి. వాటికి ఏబీఎస్ ఉంటుంది. చక్రం బిగుసుకోబోతోందని తెలియగానే ఆ బండే బ్రేకుని కాస్త వదిలి మళ్లీ పడుతుంది. సెకనుకి పదిసార్లు, పదిహేనుసార్లు. మనిషి కాలు ఎంత తాళం వేసినా అంత వేగం రాదు. మనం చేయాల్సిందల్లా బలంగా తొక్కి, ఆగేదాకా అలాగే పట్టి ఉంచి, స్టీరింగు తిప్పుకోవడం. మధ్యలో కాలు తీస్తే బ్రేకే లేనట్టు. బండి ముందుకే పోతుంది.

పిచ్చుకకి ఫిజిక్సు వచ్చు కాబట్టి అర్థమవడానికి రెండు బిస్కెట్లంత సేపు పట్టింది. మూడో బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది. "మరి ఇన్నాళ్లూ అత్తయ్యకి ఎవరూ చెప్పలేదా?"

నట్టు లేచి పెరట్లోకి వెళ్లి, షెడ్డులో టార్పాలిన్ తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

లోపల తెల్ల కారు. ఆరేళ్ల ముసుగు తర్వాత కూడా కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. దుమ్ము లేదు, తుప్పు లేదు.

"ప్రతి ఆదివారం అమ్మ మార్కెట్టుకి వెళ్లగానే స్టార్టు చేస్తాను" అన్నాడు నట్టు, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా. "బ్రేకు ఆయిలు మార్చాను. టైర్లు కొత్తవి వేశాను."

"ఎవరూ ఎక్కని బండికి ఎందుకు?"

"బండి కదా. ఊరికే పడుంటే దానికి మాత్రం బాధ ఉండదా?"

ఈ మనిషిని చేసుకున్నందుకు తనకి తనే ఒక దండ వేసుకోవాలనిపించింది పిచ్చుకకి.

ఊరి చివర మూతపడిన మిల్లు ఒకటుంది. దాని ముందు సిమెంటు మైదానం. పొద్దున పడ్డ వానకి ఇంకా తడిగానే ఉంది. నట్టు టైర్ల కొట్టు నుంచి తెచ్చిన ఖాళీ అట్టపెట్టెలు గోడలా పేర్చి, పక్కన నిలబడి, మెడలోని ఎర్ర తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. అదే జెండా.

మొదటిసారి పిచ్చుక నలభైలో వచ్చింది. తువ్వాలు లేచింది. కాలు తొక్కింది, వదిలింది, తొక్కింది, వదిలింది. ఎంత చక్కగా వేసిందంటే స్టీరింగమ్మ చూస్తే స్కేలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టేది. బండి మాత్రం వయ్యారంగా సాగి, అట్టపెట్టెల్ని ఢీకొని, అవతల ఆగింది.

"బాగా తొక్కావు" అన్నాడు నట్టు. "కుట్టుమిషనైతే ఈపాటికి లంగా తయారయ్యేది."

రెండోసారీ అంతే. మూడోసారి, "వదలకు, వదలకు" అని పైకే అనుకుంటూ వచ్చింది. నోరు 'వదలకు' అంటుంటే కాలు వదిలేసింది. నాలుగోసారి మాత్రం పళ్లు బిగబట్టి, రెండు క్షణాలు నొక్కి పట్టింది. అప్పుడు జరిగింది. కాలి కింద పెడల్ ఒక్కసారిగా గడగడా వణికింది. బండి అడుగున ఏదో గరగరమంది, ఇనప డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. పిచ్చుక నిప్పు తొక్కినదానిలా కాలు తీసేసింది. మళ్లీ పెట్టెలు ఎగిరాయి.

కిటికీ దగ్గరికొచ్చిన నట్టుతో, గుండె మీద చెయ్యి వేసుకుని, "బ్రేకు విరిగిపోయింది!" అంది.

"విరగలేదు."

"కాలి కింద ఏదో తెగిపోయిందయ్యా! నిజంగా!"

"తెగలేదు. అది పని చేస్తే అలాగే ఉంటుంది. వణికిందంటే పని చేస్తున్నట్టు." కిటికీ మీద చెయ్యి వేశాడు. "అమ్మ కూడా సరిగ్గా ఇదే మాటంది."

అప్పుడు చెప్పాడు టార్పాలిన్ కథ. ఆరేళ్ల కిందట స్కూలుకి కొన్న మొదటి కొత్త కారు ఇది. బండ్ల పనంతా మేనమామ చూసేవాడు, అమ్మకి సొంత తమ్ముడు, పెరట్లోనే అతని షెడ్డు. ఒకరోజు అతను ఈ కారు బ్రేకులు విప్పి, శుభ్రం చేసి, బిగించాడు. మర్నాడు వానలో ఒక విద్యార్థి నడుపుతుంటే సైకిలు అడ్డొచ్చింది. స్కూలు బండ్లలో నేర్పేవాళ్ల వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, అమ్మ దాన్ని తొక్కింది. సైకిలు తప్పుకుంది, కారు మాత్రం పార్కు గోడకి గుద్దుకుంది. విద్యార్థికి ఏమీ కాలేదు. అమ్మ ఎడమ మణికట్టు విరిగింది. బ్రేకు కాలి కిందే తెగిపోయిందనీ, తమ్ముడు సరిగ్గా బిగించలేదనీ నలుగురిలో అనేసింది. అతను కారంతా విప్పి చూసి, "ఏమీ తెగలేదక్కా" అన్నాడు. "నా కాలు నాకు అబద్ధం చెబుతుందా?" అంది అమ్మ. ఆ మర్నాడే అతను తన సామాను తీసుకుని వంతెన అవతల షెడ్డు పెట్టుకున్నాడు. ఆరేళ్లుగా మాటల్లేవు. అమ్మ పక్క సీట్లో కూర్చుని నేర్పుతుంది గానీ, ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టుకోలేదు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అడిగింది పిచ్చుక.

"పెడల్ సంగతా? టైర్ల కొట్టులో చేరాక. నాలుగేళ్లయింది."

"నాలుగేళ్లుగా కడుపులో పెట్టుకున్నావా?"

"నువ్వు చెప్పగలవా ఆవిడకి? ముప్పై ఏళ్లుగా ఊరందరికీ బ్రేకు నేర్పిన మనిషికి, నీకు బ్రేకు రాదమ్మా అని?"

పిచ్చుక చెప్పలేనంది. చెప్పకూడదని కూడా అనుకున్నారు ఇద్దరూ, కనీసం ఎల్లుండి దాకా. తర్వాత ఇంకో రెండుసార్లు ప్రయత్నించింది. అయిదోసారి మళ్లీ వణుకుకి కాలు తీసేసింది. ఆరోసారి తీయలేదు, చివరిదాకా నొక్కే ఉంచింది. కానీ కళ్లప్పగించి అట్టపెట్టెల్నే చూస్తూ ఉండిపోయింది. చూపు ఎటో చెయ్యి అటు, చెయ్యి ఎటో బండి అటు. మెత్తగా వెళ్లి పెట్టెల్ని ముద్దు పెట్టుకుని ఆగింది.

"దారి చూడు, అడ్డం చూడకు" అన్నాడు నట్టు. చీకటి పడేలోపు ఇల్లు చేరాలని పెట్టెల్ని డిక్కీలో కుక్కారు.

ఇంటికొచ్చి టార్పాలిన్ కప్పి, తాళ్లు కట్టి, నట్టు స్టవ్వు మీద టీ పెట్టాడు. పిచ్చుకకి ఒక ఉపాయం తట్టింది. మిషను తొక్కి తొక్కి నేర్చిన కాలు, తొక్కకుండా ఉండటం కూడా నేర్చుకోవాలి కదా. స్కూలు గదిలో స్టూలు వేసుకుని, గోడకి ఆనించి ఒక ఇటుక పెట్టి, దాని మీద కుడికాలు నొక్కి పట్టి కూర్చుంది. చేతిలో పాత పేపరు. ఒక్కో వార్త చివరిదాకా చదివేవరకూ కాలు సడలకూడదని పందెం, తనకీ కాలికీ మధ్య.

పెళ్లికొడుకు కావలెను ప్రకటనల మధ్యలో ఉండగా గుమ్మంలో గొంతు వినిపించింది.

"ఏంటమ్మాయ్, గోడని తోస్తున్నావు? ఇల్లు పక్క వీధికి జరపాలా?"

స్టీరింగమ్మ. ఎప్పుడొచ్చిందో ఏమో! కుడిచేతిలో కాగితాల సంచీ, ఎడమ చేతిలో ఒక అట్ట ముక్క. దాని మీద టైరు బొమ్మ.

"ఇది తెల్ల బండి ముందు బంపరులో ఇరుక్కుని ఉంది" అంది. కోపం లేదు గొంతులో. "టార్పాలిన్ మీద ముడి కూడా నాది కాదు. ఆరేళ్లుగా నేను అడ్డముడి వేస్తున్నాను, ప్రతి ఆదివారం ఎవరో దాన్ని జారుముడి చేస్తున్నారు. ఇంట్లో దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకోక కాదు, పోనీలే అని ఊరుకున్నాను."

వంటింట్లో టీ గరిటె చప్పుడు ఆగిపోయింది.

పిచ్చుక లేచి నిలబడింది. ఎన్ని అబద్ధాలు తయారుగా ఉన్నాయో ఒకసారి లెక్క చూసుకుంది. ఒక్కటీ నోటిదాకా రాలేదు. "పరీక్ష కోసం తీశామత్తయ్యా. అంబులెన్సుకి ఆ బ్రేకే ఉంటుంది. అది వేరేగా తొక్కాలి."

"వేరేగా అంటే?"

"వదలకుండా."

స్టీరింగమ్మ గోడ మీది ఎర్ర అక్షరాల వైపు చూసింది. "చక్రం బిగుసుకోదూ?"

"బిగుసుకోనివ్వదు. మీరు చెప్పేదే చేస్తుందత్తయ్యా, తొక్కి వదలడమే. కానీ అది బండే చేస్తుంది, మనకంటే చాలా వేగంగా. మనం కూడా వదిలితే దాని పని చెడిపోతుంది."

"నేను చెప్పేదే చేస్తుందా?" ఆవిడ మొహంలో ముందు కాస్త గర్వం మెరిసింది. కారు తయారుచేసినవాళ్లు కూడా తన స్కూల్లోనే చదివినట్టు. "చేస్తోందని మనకెలా తెలుస్తుంది?"

ఈ ప్రశ్న వస్తుందని పిచ్చుకకి తెలుసు. ఇక్కడే నోరు మూసుకోవాలని కూడా తెలుసు. వంటింటి గుమ్మంలో నట్టు రెండు చేతులూ ఊపుతూ సైగ చేస్తున్నాడు. కానీ ఎదురుగా ఉన్న మనిషి తనకి కారు నేర్పింది, భయపడ్డప్పుడల్లా నవ్వించింది, తన దరఖాస్తు గుండ్రటి అక్షరాలతో తనే రాసింది. ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. టీచరు అడిగితే తెలిసిన జవాబు చెప్పకుండా ఎలా ఉండటం?

"కాలి కింద వణుకుతుందత్తయ్యా."

"ఎలా?"

"గడగడా."

స్టీరింగమ్మ కాగితాల సంచీ బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కుట్టుమిషను ముందు కూర్చుంది. కుడికాలి చెప్పు తీసి పాదం పెడల్ మీద పెట్టింది. "చూపించు" అంది.

పిచ్చుక నేల మీద కూర్చుని, పెడల్ కింద రెండు చేతులూ దూర్చి పట్టుకుంది. "గట్టిగా నొక్కండి." ఆవిడ నొక్కింది. పిచ్చుక కింద నుంచి పెడల్‌ని బలం కొద్దీ గడగడా ఊపింది. పాత మిషను ఇనపకాళ్లు నేల మీద గరగరా అరిచాయి.

స్టీరింగమ్మ కాలు ఎగిరి పక్కకి పడింది.

ఆవిడ తన కాలిని చూసుకుంటోంది, పరాయి ఇంటి పిల్ల తన గదిలోకి వచ్చి నిలబడితే చూసినట్టు. కుడిచెయ్యి మెల్లగా ఎడమ మణికట్టు మీదికి వెళ్లింది. అక్కడ ఎముక అతికిన చోట కాస్త వంకర ఉంటుంది.

"ఇంకోసారి" అంది.

పిచ్చుక మళ్లీ ఊపింది. ఈసారి కాలు లేవబోయింది, మడమ దాకా లేచి, ఆగింది.

"ఇదే" అంది స్టీరింగమ్మ. "ఆ రోజు నా కాలికి తెలిసింది ఇదే. ఏదో తెగిందనుకుని తీసేశాను. తీసి, తొక్కాను. మళ్లీ తీశాను. అంత చక్కగా తాళం వేసుకుంటూ వెళ్లి గోడకి కొట్టాను." నవ్వబోయింది, కుదరలేదు. "వాడు ఏమీ తెగలేదన్నాడు. నేల మీద కూర్చుని, ఒళ్లంతా మసి చేసుకుని, ఒక్కో ముక్కా విప్పి చూపించాడు. నేను నా కాలు అబద్ధం చెప్పదన్నాను."

నట్టు టీ గ్లాసు తెచ్చి తల్లి ముందు పెట్టాడు. "నాకు తెలుసమ్మా. చెప్పలేకపోయాను."

"ఎన్నాళ్లుగా?"

"నాలుగేళ్లు."

"నాలుగేళ్లు చెప్పలేనంత దయ్యంలా ఉన్నానట్రా నేను?"

"దయ్యమైతే ధైర్యంగా చెప్పేవాణ్ణి" అన్నాడు నట్టు. పిచ్చుకకి నవ్వొచ్చింది, సమయం కాదని ఆపుకుంది. స్టీరింగమ్మ ఆపుకోలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కాసేపు ఏది నవ్వో ఏది కాదో తెలియలేదు.

టీ చల్లారాక తాగింది. లేచి గోడ దగ్గరికెళ్లింది. ఎర్ర అక్షరాల్ని చేత్తో తడిమింది. చెరిపేస్తుందేమో అనుకుంది పిచ్చుక. కానీ ఆవిడ బల్ల సొరుగులోంచి సుద్దముక్క తీసి, ఆ వాక్యం పైన చిన్నగా, 'పాత బండ్లకు' అని రాసింది. కింద చాలా ఖాళీ ఉంది. దాన్ని ఖాళీగానే వదిలేసింది.

"కింద రాయాల్సింది నాకింకా చేతకాలేదు. నీకు చేతనైందా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. ఆరుసార్లు తొక్కితే ఆరుసార్లూ పెట్టెల మీదికే వెళ్లాను. అయిదుసార్లు కాలు తీసేశాను. ఆరోసారి తీయలేదు గానీ, పెట్టెల్నే చూస్తూ కూర్చున్నాను."

"అంటే గురువూ శిష్యురాలూ ఇద్దరం ఒకే మెట్టు మీద ఉన్నాం." స్టీరింగమ్మ గోడ గడియారం చూసింది, కొక్కేనికి వేలాడుతున్న తాళంచెవుల్ని చూసింది. తను ఆరేళ్లుగా ముట్టని తెల్ల బండి తాళంచెవి తీసి, పమిటచెంగున ముడి వేసుకుంది. అడ్డముడి.

"ఒరేయ్ నట్టూ, తొందరగా పడుకో. పొద్దున ఆరింటికల్లా టార్పాలిన్ తీసి, అట్టపెట్టెలు మిల్లు దగ్గర పేర్చి, నేలంతా నీళ్లు చల్లి ఉంచు."

"పిచ్చుక సాధన కోసమా?"

"ముందు నా కోసం. నేను నడుపుతాను. మీ ఆవిడ నా పక్క సీట్లో కూర్చుని, కాలు తీయకుండా ఎలా ఉండాలో నాకు చెప్తుంది. తీశానంటే స్కేలుతో ఒకటి వేస్తుంది." స్కేలు తీసి కోడలి చేతిలో పెట్టింది. ఆ స్కేలు ఇంతకు ముందు ఎవరి చేతికీ ఇచ్చింది లేదు. "ఒక్కసారైనా పెట్టె తగలకుండా ఆపానంటే, అక్కణ్ణుంచి అటే వంతెన దాటుదాం."

"వంతెన అవతలికా?" అన్నాడు నట్టు, గ్లాసు జారబోతే పట్టుకుని.

"మా తమ్ముడి షెడ్డుకి. వాడు బిగించిన బ్రేకుతోనే వెళ్లి వాడి గుమ్మంలో ఆపుతాను. తలుపు తీస్తాడో, మొహం మీద వేస్తాడో వాడిష్టం." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఎల్లుండి పరీక్ష నీదమ్మాయ్. రేపటిది నాది."